ఫోల్డర్ ఏమైపోయింది? వెర్షన్ కంట్రోల్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

"నిన్నటిదాకా ఉన్న ఫోల్డర్ ఇవాళ లేదు", "నా మెషీన్‌లో ఉంది, సర్వర్‌లో లేదు". ఈ రెండు ఫిర్యాదులే రకరకాల వేషాల్లో మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వెర్షన్ కంట్రోల్ అంటే ఫైళ్లలో జరిగే మార్పుల చరిత్రను దాచే ఏర్పాటు, ఆ చరిత్రతో సహా ఉండే ప్రాజెక్టు ఫోల్డరే రిపో. ఇక్కడ ఎక్కువ భాగం గిట్ అనే టూల్ గురించే. సబ్‌వెర్షన్, మెర్క్యురియల్, పెర్ఫోర్స్ వాడేవాళ్లకు విడిగా ఒక భాగం ఉంది. కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాశాను, టైప్ చేసేటప్పుడు మామూలు స్పెల్లింగే.

ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఫోల్డర్ "లేదు" అన్నప్పుడు ఎవరి లెక్క ప్రకారం లేదో తేల్చుకోకుండా ఏ కమాండూ కొట్టకండి. కమిట్ (చరిత్రలో సేవ్ అయిన స్థితి) లెక్క ఒకటి, ఇండెక్స్ (తర్వాతి కమిట్ కోసం సిద్ధం చేసిన జాబితా) లెక్క ఇంకొకటి, డిస్క్ మీద కనిపించేది మరొకటి. వీటిలో ఏ రెండింటికి పొసగడం లేదో తెలిస్తే మందు దాదాపు దొరికినట్టే.

## రిపో మొదలుపెట్టేటప్పుడు

ఖాళీ ఫోల్డర్‌ని గిట్ యాడ్ చేస్తే ఏమీ జరగడం లేదు, ఎర్రర్ కూడా రావడం లేదు. ఎందుకు?

గిట్ ఇండెక్స్‌లో ఉండేవి ఫైళ్ల దారులు మాత్రమే. ఫోల్డర్‌కంటూ సొంత ఎంట్రీ ఉండదు. `సోర్స్/మెయిన్.సి` అనే ఎంట్రీ ఉంటే, చెకౌట్ (కమిట్‌లోని ఫైళ్లను డిస్క్ మీదికి తేవడం) సమయంలో ఆ ఫైల్ రాయడానికి చోటు కావాలి కాబట్టి `సోర్స్` ఫోల్డర్‌ని గిట్ అప్పటికప్పుడు సృష్టిస్తుంది. అంతకుమించి దానికి ఫోల్డర్‌తో పని లేదు.

కమిట్‌లో ట్రీ ఆబ్జెక్టులు (ఫోల్డర్‌లో ఏమున్నాయో చెప్పే జాబితాలు) ఉంటాయి కదా, సబ్‌ఫోల్డర్‌కు 040000 అనే మోడ్ (ఎంట్రీ రకం చెప్పే నంబర్) కూడా ఉంటుంది కదా అని కొందరు అడుగుతారు. నిజమే, కానీ మామూలు కమిట్‌లో ఆ ట్రీలు తయారయ్యేది ఇండెక్స్ నుంచే. అక్కడ ఫైల్ లేకపోతే ఇక్కడ ట్రీ ఉండదు. గిట్ నోరు మూసుకుని ఊరుకోవడమే అసలు చిక్కు. "ఇది ఖాళీ ఫోల్డర్, యాడ్ చేయలేదు" అని ఒక్క లైన్ ప్రింట్ చేసినా చాలా గందరగోళం తప్పేది.

ఖాళీ ఫోల్డర్ నిలవాలంటే డాట్ గిట్‌కీప్ పెట్టాలా, డాట్ గిట్‌ఇగ్నోర్ పెట్టాలా?

`.గిట్‌కీప్` అన్నది జనం అలవాటు చేసుకున్న పేరు. గిట్‌కి దాని గురించి ఏమీ తెలియదు, దాని బదులు ఏ పేరుతో ఏ ఫైల్ పెట్టినా ఒకటే.

ఆ ఫోల్డర్‌లో రేపు నిజమైన ఫైళ్లు రాబోతుంటే గిట్‌కీప్ పెట్టండి, అవి వచ్చాక తీసేయండి. లాగ్‌లు, క్యాష్ లాంటివి పడే ఫోల్డర్ అయితే దాని లోపలే ఒక `.గిట్‌ఇగ్నోర్` (గిట్ పట్టించుకోకూడని వాటి జాబితా) పెట్టి రెండు లైన్లు రాయండి: మొదటిది `*`, రెండోది `!.గిట్‌ఇగ్నోర్`. ఫోల్డర్ ఉంటుంది, అందులో పడేదేదీ కమిట్‌లోకి రాదు.

నన్నడిగితే మాత్రం, ప్రోగ్రామ్‌కి ఫోల్డర్ కావాలంటే ప్రోగ్రామే సృష్టించుకోవాలి. గిట్‌కీప్ మీద ఆధారపడ్డ కోడ్, ఎవరో ఒకరు ఆ ఫోల్డర్‌ని శుభ్రం చేసిన రోజున పడిపోతుంది.

లాగ్స్ ఫోల్డర్‌ని ఇగ్నోర్ చేసి, అందులో గిట్‌కీప్‌ని మాత్రం ఉంచమని రాశాను. అయినా గిట్ పట్టించుకోవడం లేదు.

మీ ఫైల్‌లో బహుశా ఇలా ఉండి ఉంటుంది:

`లాగ్స్/`
`!లాగ్స్/.గిట్‌కీప్`

మొదటి లైన్ ఫోల్డర్‌నే మొత్తంగా పక్కన పెట్టేసింది. అలా పక్కన పెట్టిన ఫోల్డర్ లోపలికి గిట్ తొంగి కూడా చూడదు, కాబట్టి రెండో లైన్‌లోని మినహాయింపు దాకా వ్యవహారం రాదు. మొదటి లైన్‌ని `లాగ్స్/*` అని మార్చండి. ఇప్పుడు ఇగ్నోర్ అయ్యేది ఫోల్డర్ కాదు, లోపలి సరుకు. మినహాయింపు పనిచేస్తుంది.

ఫోల్డర్ లోపల ఫోల్డర్ ఉంటే ప్రతి మెట్టు దగ్గరా ఇదే పని చేయాలి. ఏ రూల్ అడ్డు పడుతోందో తెలియకపోతే `గిట్ చెక్-ఇగ్నోర్ -వి` అని కొట్టి దారి ఇవ్వండి, ఏ ఫైల్‌లో ఎన్నో లైనో చూపిస్తుంది.

ఫోల్డర్ పర్మిషన్లు రిపోలో సేవ్ అవుతాయా?

అవ్వవు. ఫైళ్ల విషయంలో కూడా గిట్ గుర్తుపెట్టుకునేది ఎగ్జిక్యూటబుల్ అవునా కాదా అన్నంత వరకే: 100644 లేదా 100755. ఫోల్డర్‌కు 700 పర్మిషనే ఉండి తీరాలంటే అది సెటప్ స్క్రిప్ట్ పని.

## క్లోన్ చేశాక

రిపోని క్లోన్ (కాపీ) చేస్తే ఫోల్డర్ వచ్చింది, లోపల మాత్రం ఏమీ లేదు. డౌన్‌లోడ్ సగంలో ఆగిపోయిందా?

ఆగిపోలేదు. గిట్ ఖాళీ ఫోల్డర్‌ని ట్రాక్ చేయదు కాబట్టి, క్లోన్‌లో ఖాళీ ఫోల్డర్ కనిపించిందంటే అది దాదాపు కచ్చితంగా సబ్‌మాడ్యూల్ (రిపో లోపల చేర్చిన ఇంకో రిపో). `గిట్ ఎల్ఎస్-ట్రీ హెడ్` కొట్టి చూడండి (హెడ్ అంటే ప్రస్తుతం మీరున్న కమిట్). ఆ పేరు పక్కన 160000 అని ఉంటే అనుమానమే అక్కర్లేదు. అక్కడ ఉండేది ఫైళ్లు కాదు, వేరే రిపోలోని ఒక కమిట్ నంబర్.

`గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్` కొడితే నిండుతుంది. ఇక మీదట క్లోన్ చేసేటప్పుడే `--రికర్స్-సబ్‌మాడ్యూల్స్` ఇస్తే ఈ అడుగు అక్కర్లేదు.

సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ కొడితే "నో సబ్‌మాడ్యూల్ మ్యాపింగ్ ఫౌండ్" అంటోంది. ఇప్పుడేం చేయాలి?

ఎవరో ఒక లైబ్రరీని విడిగా క్లోన్ చేసి, దాని లోపలి `.గిట్` తీయకుండానే మీ రిపోలో యాడ్ చేశారు. అలాంటప్పుడు గిట్ లోపలి ఫైళ్లను తీసుకోదు, ఆ రిపో కమిట్ నంబర్ ఒక్కటే రాసుకుంటుంది. యాడ్ చేసినప్పుడు "ఎంబెడెడ్ గిట్ రిపాజిటరీ" అని వార్నింగ్ ఇస్తుంది గానీ, వార్నింగ్‌లు ఎవరు చదువుతారు! పైగా యాడ్ చేసినవాళ్ల మెషీన్‌లో ఫైళ్లన్నీ లక్షణంగా కనిపిస్తుంటాయి, కాబట్టి "నా దగ్గర ఉంది కదా" అని వాదిస్తారు. వాళ్ల మాటా నిజమే.

ఆ ఫైళ్లు ఉన్న మెషీన్‌లోనే సరిచేయాలి. ముందు `గిట్ ఆర్ఎం --క్యాష్డ్` ఇచ్చి ఆ ఫోల్డర్‌ని ఇండెక్స్ నుంచి తీయండి. తర్వాత లోపలి `.గిట్` ఫోల్డర్‌ని తొలగించండి (ఆ లైబ్రరీలో సర్వర్‌కు పుష్ చేయని మార్పులు ఉంటే ముందు అవి భద్రం). ఇప్పుడు మళ్లీ యాడ్ చేసి కమిట్ చేయండి. లైబ్రరీ చరిత్ర విడిగా ఉండాలనుకుంటే, ఇండెక్స్ నుంచి తీశాక `గిట్ సబ్‌మాడ్యూల్ యాడ్`తో సరైన పద్ధతిలో చేర్చండి.

రిపోలోని సగం ఫోల్డర్లు నా దగ్గర లేవు, స్టేటస్ మాత్రం అంతా క్లీన్ అంటోంది. ఎలా?

స్పార్స్ చెకౌట్ ఆన్ అయి ఉంది. పెద్ద రిపోల్లో అవసరమైన ఫోల్డర్లే డిస్క్ మీదికి తెచ్చుకునే ఏర్పాటు ఇది. `గిట్ స్పార్స్-చెకౌట్` కమాండ్ 2020 జనవరిలో గిట్ 2.25తో వచ్చింది. మిగతా ఫైళ్లకు ఇండెక్స్‌లో "దీన్ని డిస్క్ మీద వెతకొద్దు" అన్న గుర్తు ఉంటుంది కాబట్టి అవి లేకపోయినా గిట్ డిలీట్ అయినట్టు లెక్కపెట్టదు.

ఇప్పటి వెర్షన్లలో స్టేటస్ అవుట్‌పుట్‌లోనే స్పార్స్ చెకౌట్‌లో ఉన్నారని, ఎంత శాతం ఫైళ్లు ఉన్నాయని ఒక లైన్ వస్తుంది. ఏ ఫోల్డర్లు ఎంచుకుని ఉన్నాయో `గిట్ స్పార్స్-చెకౌట్ లిస్ట్` చెబుతుంది. ఒక ఫోల్డర్ కావాలంటే `యాడ్`, మొత్తం కావాలంటే `డిసేబుల్`. సెటప్ స్క్రిప్ట్ దీన్ని ఆన్ చేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకపోవడం మామూలే.

విండోస్‌లో బాగానే నడుస్తోంది, లినక్స్ సర్వర్‌లో "ఫోల్డర్ లేదు" అంటోంది.

పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడండి. విండోస్, మ్యాక్ ఫైల్ సిస్టమ్‌లు మామూలుగా రెండింటినీ ఒకటిగానే చూస్తాయి, లినక్స్ చూడదు. మీరు డిస్క్ మీద పేరు మార్చి ఉంటారు, గిట్ ఇండెక్స్‌లో పాత పేరే ఉండి ఉంటుంది. రిపోలో అసలు ఏ స్పెల్లింగ్ ఉందో `గిట్ ఎల్ఎస్-ఫైల్స్` చూపిస్తుంది, ఫైల్ మేనేజర్‌ని నమ్మకండి.

పేరు మార్చడానికి రెండు అంగలు వేయాలి: `గిట్ ఎంవి`తో ముందు ఏదో ఒక తాత్కాలిక పేరుకు, అక్కడి నుంచి కావలసిన పేరుకు. నేరుగా మార్చబోతే, ఉన్న ఫోల్డర్‌ని దానిలోకే తోస్తున్నట్టు అనుకుని ఎర్రర్ ఇస్తుంది.

## రోజువారీ పనిలో

బ్రాంచ్ (ఒకే రిపోలో విడిగా సాగే పని) మార్చగానే ఫోల్డర్ మాయమైంది. ఒక్కోసారి మాత్రం పోకుండా అలాగే ఉంటోంది. ఏమిటీ తేడా?

కొత్త బ్రాంచ్‌లో లేని ఫైళ్లను గిట్ తీసేస్తుంది. అలా తీస్తూ తీస్తూ ఫోల్డర్ ఖాళీ అయితే దాన్నీ తీసేస్తుంది. లోపల ఇగ్నోర్ చేసిన ఫైలో, ట్రాక్ చేయని ఫైలో ఒక్కటి మిగిలినా ఫోల్డర్ జోలికి పోదు. పాత మాడ్యూల్ ఫోల్డర్‌లో కంపైల్ చేసిన క్యాష్ మిగిలి, ఆ మాడ్యూల్ ఇంకా ఉన్నట్టే టెస్టులు ప్రవర్తించడం ఈ రెండో రకం వల్లే.

టెర్మినల్‌లో ఏ గిట్ కమాండ్ కొట్టినా "అనేబుల్ టు రీడ్ కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ" అంటోంది. ఎల్ఎస్ కొడితే ఖాళీ. రిపో పోయిందా?

రిపో భద్రంగానే ఉంది, మీ షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపేది) నిలబడ్డ నేల పోయింది. మీరు ఒక ఫోల్డర్ లోపల ఉండగా వేరే విండోలోనో, ఏదో స్క్రిప్టో ఆ ఫోల్డర్‌ని తీసేసింది. అదే పేరుతో ఫోల్డర్ మళ్లీ వచ్చినా షెల్ అంటిపెట్టుకుని ఉన్నది పాతదాన్నే. పేరు ఒకటే, ఐనోడ్ (డిస్క్ మీద దాని అసలు గుర్తింపు నంబర్) వేరు. అందుకే పక్క విండోలో ఫోల్డర్ నిక్షేపంగా కనిపిస్తుంటే మీ విండోలో ఎర్రర్ వస్తుంటుంది.

రిపో రూట్ పూర్తి దారి ఇచ్చి `సీడీ` కొట్టండి, చాలు. టెర్మినల్ మూసి తెరిచినా అంతే.

ఒకప్పుడు ఈ పని గిట్ కూడా చేసేది. కొత్త ఫీచర్ ఫోల్డర్‌లో ఉండి పాత బ్రాంచ్‌కు మారితే కాళ్ల కింది ఫోల్డర్‌నే లాగేసేది. 2022 జనవరిలో వచ్చిన 2.35 నుంచి, తనను ఏ ఫోల్డర్ నుంచి పిలిచారో దాన్ని ఖాళీ అయినా సరే ఉంచుతుంది. ఈ రక్షణ కమాండ్ కొట్టిన ఫోల్డర్‌కే, ఇంకో విండోలో మీరు తెరిచి పెట్టిన ఫోల్డర్‌కు కాదు.

గిట్ క్లీన్ కొట్టాక అప్‌లోడ్స్ ఫోల్డర్ పోయింది. తిరిగి తేవచ్చా?

గిట్ ద్వారా తేలేరు. క్లీన్ తీసేది ట్రాక్ చేయనివాటినే, వాటి కాపీ గిట్ దగ్గర ఉండదు. `-డి` ఇస్తే ట్రాక్ కాని ఫోల్డర్లు, ఖాళీవి సహా, పోతాయి. `-ఎక్స్` ఇస్తే ఇగ్నోర్ చేసినవీ పోతాయి. ముందు `-ఎన్` ఇచ్చి ఏమేం పోతాయో చూసుకోవడం ఒక్కటే జాగ్రత్త. వాడకందారుల డేటా పడే ఫోల్డర్‌ని అసలు వర్కింగ్ ట్రీ (గిట్ చూసుకునే ఫైళ్ల ఫోల్డర్) బయట పెట్టండి.

వర్క్‌ట్రీ ఫోల్డర్‌ని చేత్తో డిలీట్ చేశాను. ఇప్పుడు అదే బ్రాంచ్ చెకౌట్ చేద్దామంటే "వేరే చోట వాడుకలో ఉంది" అంటోంది.

వర్క్‌ట్రీ అంటే అదే రిపోకు అదనంగా తెరిచిన ఇంకో పని ఫోల్డర్. అది రెండు చోట్ల రెండు ముక్కలు. ఫైళ్లుండే ఫోల్డర్ ఒకటి, ప్రధాన రిపోలో `.గిట్/వర్క్‌ట్రీస్` కింద దాని రికార్డు ఒకటి. మీరు తీసింది మొదటి ముక్కనే. రికార్డు ప్రకారం ఆ బ్రాంచ్ ఇంకా అక్కడే ఉంది.

`గిట్ వర్క్‌ట్రీ లిస్ట్` కొట్టండి. 2.31 నుంచి అయితే ఇలాంటి ఎంట్రీ పక్కన "ప్రూనబుల్" అని కనిపిస్తుంది. `గిట్ వర్క్‌ట్రీ ప్రూన్` కొడితే రికార్డు పోతుంది, బ్రాంచ్ విడుదలవుతుంది, కమిట్లకు ఏమీ కాదు. వదిలేసినా గిట్ జీసీ (రిపోని శుభ్రం చేసే కమాండ్) తనంతట తాను తుడుస్తుంది, కాకపోతే డిఫాల్ట్ గడువు 3 నెలలు. ఇక మీదట `గిట్ వర్క్‌ట్రీ రిమూవ్` వాడితే రెండు ముక్కలూ ఒకేసారి పోతాయి.

ఆగండి, ప్రూన్ కొట్టేముందు ఒకటి. ఆ ఫోల్డర్ నిజంగా పోయిందా, లేక వేరే చోటికి జరిపారా? జరిపి ఉంటే ప్రూన్ తప్పు మందు. కొత్త దారి ఇచ్చి `గిట్ వర్క్‌ట్రీ రిపేర్` కొట్టండి, ఇది 2.29 నుంచి ఉంది. అలాగే వర్క్‌ట్రీ పెన్‌డ్రైవ్ మీదో, ఎప్పుడూ మౌంట్ అయి ఉండని డిస్క్ మీదో ఉంటే `గిట్ వర్క్‌ట్రీ లాక్` చేసి పెట్టండి. ఫోల్డర్ కంటికి కనిపించకపోయినా రికార్డు చెరిగిపోదు.

## పోయినదాన్ని వెనక్కి తేవాలంటే

ఫోల్డర్‌ని పొరపాటున డిలీట్ చేశాను, ఇంకా కమిట్ చేయలేదు.

టెన్షన్ అక్కర్లేదు. ఫైల్ మేనేజర్‌లోనో `ఆర్ఎం`తోనో తీసి ఉంటే ఇండెక్స్ చెక్కు చెదరలేదు. `గిట్ రిస్టోర్` కొట్టి ఫోల్డర్ పేరు ఇవ్వండి. `గిట్ ఆర్ఎం`తో తీసి ఉంటే ఇండెక్స్ నుంచీ పోయింది కాబట్టి `--సోర్స్=హెడ్ --స్టేజ్డ్ --వర్క్‌ట్రీ` కూడా కలపండి. 2.23 కంటే పాత గిట్ అయితే రిస్టోర్ ఉండదు, `గిట్ చెకౌట్ హెడ్ --` తర్వాత దారి ఇవ్వండి. ఆ ఫోల్డర్‌లో ట్రాక్ చేయని ఫైళ్లు ఉండి ఉంటే అవి మాత్రం రావు.

ఫోల్డర్ ఎప్పుడో పోయింది, ఎవరు తీశారో తెలియదు. గిట్ లాగ్‌కి పేరిస్తే "యాంబిగ్యుయస్ ఆర్గ్యుమెంట్" అంటోంది.

మీరిచ్చిన పేరు డిస్క్ మీద లేదు, ఆ పేరుతో బ్రాంచ్ కూడా లేదు. అది దారో, బ్రాంచో గిట్‌కి తేలలేదు. ఫోల్డర్ పోయిందనే కదా వెతుకుతున్నాం, అదే కారణంగా వెతకడమూ కుదరకపోతే ఎలా అనిపిస్తుంది గానీ, పేరు ముందు `--` పెడితే చాలు. దాని తర్వాతివన్నీ దారులే అని అర్థం.

`గిట్ లాగ్ --డిఫ్-ఫిల్టర్=డి -- పాతఫోల్డర్` అని కొట్టండి (ఇక్కడ డి పెద్దక్షరం). అందులోని ఫైళ్లను డిలీట్ చేసిన కమిట్లే వస్తాయి. పైన ఉన్నది చివరిది. దానికి ముందు కమిట్ నుంచి తెచ్చుకోవాలి కాబట్టి హ్యాష్ (కమిట్ గుర్తింపు నంబర్) చివర `^` పెట్టి, `గిట్ చెకౌట్ హ్యాష్^ -- పాతఫోల్డర్`. ఆ `^` మరిచిపోతే, ఫోల్డర్ పోయిన తర్వాతి స్థితిలో వెతికి "పాత్‌స్పెక్ సరిపోలలేదు" అంటుంది.

లాగ్ ఖాళీగా వస్తే ఫోల్డర్ ఏ మెర్జ్‌లోనో (రెండు బ్రాంచ్‌లు కలిపినప్పుడు) జారిపోయి ఉంటుంది. మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ సరిచేస్తూ ఎవరో ఒక వైపు మొత్తం వదిలేసినప్పుడు ఇలా అవుతుంది. దారి ఇచ్చినప్పుడు గిట్ చరిత్రను కుదించి చూపిస్తుంది, ఆ కుదింపులో ఈ కొమ్మ పోతుంది. `--ఫుల్-హిస్టరీ -ఎం` కలిపి మళ్లీ చూడండి.

యాడ్ చేశాను, కమిట్ చేయలేదు, తర్వాత హార్డ్ రీసెట్ (అన్నిటినీ కమిట్ స్థితికి తిప్పేది) కొట్టాను. ఫోల్డర్ పోయింది.

ఫైళ్ల కంటెంట్ దొరికే అవకాశం ఉంది, పేర్లు దొరకవు. యాడ్ చేసిన క్షణమే కంటెంట్ ఆబ్జెక్టుగా సేవ్ అవుతుంది. `గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్` కొడితే `.గిట్/లాస్ట్-ఫౌండ్/అదర్` కింద పడతాయి. తెరిచి చూసి పోల్చుకోవాల్సిందే.

## డాట్ గిట్ లోపలే ఫోల్డర్లు పోతే

బ్యాకప్ నుంచి రిపో తెచ్చాను. ఆబ్జెక్టులన్నీ ఉన్నాయి, అయినా "నాట్ ఎ గిట్ రిపాజిటరీ" అంటోంది.

`.గిట్` లోపల `రెఫ్స్` ఫోల్డర్ (బ్రాంచ్ పేర్లు ఉండేది) ఉందా చూడండి. ఒక ఫోల్డర్ రిపోనా కాదా అని తేల్చడానికి గిట్ ప్రధానంగా మూడు చూస్తుంది: సరైన `హెడ్` ఫైల్, `ఆబ్జెక్ట్స్` ఫోల్డర్, `రెఫ్స్` ఫోల్డర్. మూడింట్లో ఒకటి లేకపోయినా ఇది రిపో కాదు పొమ్మంటుంది, ఏది లేదో చెప్పదు.

రెఫ్స్ ఎలా పోయింది? గిట్ జీసీ నడిచినప్పుడు బ్రాంచ్‌లన్నీ `ప్యాక్డ్-రెఫ్స్` అనే ఒకే ఫైల్‌లోకి చేరతాయి. రెఫ్స్ కింద ఖాళీ ఫోల్డర్లే మిగులుతాయి. ఖాళీ ఫోల్డర్లను కాపీ చేయని బ్యాకప్ టూల్, సింక్ టూల్, ఆబ్జెక్ట్ స్టోరేజ్ ఏదైనా వాటిని వదిలేస్తుంది. ఒక బేర్ రిపోని (పని ఫైళ్లు లేకుండా చరిత్ర మాత్రమే ఉండేది) టెస్ట్ డేటాగా ఇంకో గిట్ రిపోలో కమిట్ చేసినా ఇదే గతి. గిట్ ఖాళీ ఫోల్డర్ని ట్రాక్ చేయదన్న నియమం చివరికి గిట్‌కే తగులుతుంది.

`ఎంకేడిర్ -పి .గిట్/రెఫ్స్/హెడ్స్` కొడితే రిపో లేచి కూర్చుంటుంది. ఉన్న రిపోలో `గిట్ ఇనిట్` కొట్టినా ప్రమాదం లేదు, ఉన్నవాటిని చెరపకుండా లేనివే సృష్టిస్తుంది. `హెడ్` ఫైల్ కూడా పోయి ఉంటే మాత్రం ఇనిట్ దాన్ని డిఫాల్ట్ బ్రాంచ్ పేరుతో రాస్తుంది, మీ బ్రాంచ్ అదేనా కాదా చూసుకోండి. ఆ తర్వాత `గిట్ ఎఫ్ఎస్‌సీకే` తప్పనిసరి. ఖాళీ ఫోల్డర్లు ఊడిన బ్యాకప్‌లో ఇంకేం ఊడాయో చూడాలి కదా.

ఆబ్జెక్ట్స్ కింద కొన్ని ఫోల్డర్లే ఉన్నాయి, పక్కవాళ్ల రిపోలో చాలా ఉన్నాయి. నాది పాడైందా?

లేదు. హ్యాష్‌లోని మొదటి రెండు అక్షరాలతో గరిష్ఠంగా 256 ఫోల్డర్లు రావచ్చు, అవసరమైనప్పుడే పుడతాయి. ప్యాక్ అయ్యాక ఖాళీ అయినవి పోతాయి.

హుక్స్ ఫోల్డర్ లేదు. ఏమైనా నష్టమా?

గిట్‌కి నష్టం లేదు, హుక్‌లు (కమిట్ లాంటి సమయాల్లో వాటంతటవే నడిచే స్క్రిప్ట్‌లు) నడవవు అంతే. అసలు ప్రమాదం ఇంకోటి. టీమ్ అంతా `కోర్.హుక్స్‌పాత్` సెట్ చేసుకుని, ఆ దారిలో ఫోల్డర్ లేకపోతే గిట్ కిక్కురుమనదు. ఎర్రర్ ఉండదు, చెక్‌లూ ఉండవు, కమిట్లు మాత్రం హాయిగా పడిపోతుంటాయి. కాబట్టి అదే చెక్‌ని సర్వర్ వైపు కూడా పెట్టండి.

పాత క్లోన్ డిలీట్ చేశాక కొత్త క్లోన్ కూడా పనిచేయడం లేదు. రెండింటికీ సంబంధం ఏమిటి?

కొత్తదాన్ని `--రిఫరెన్స్` లేదా `--షేర్డ్`తో చేసి ఉంటారు. అప్పుడు కొత్త క్లోన్ ఆబ్జెక్టులను కాపీ చేసుకోదు, పాతదాని దారిని `ఆబ్జెక్ట్స్/ఇన్ఫో/ఆల్టర్నేట్స్`లో రాసుకుని అక్కడి నుంచే చదువుతుంది. పాతది డిలీట్ కాలేదు, పక్కకు జరిగిందంతే అయితే ఆ ఫైల్‌లో దారి సరిచేయండి. నిజంగానే పోతే, వేరే మంచి క్లోన్‌లోని ఆబ్జెక్టులు తెచ్చుకోవాలి. పాతదాన్ని తీసేముందు కొత్తదానిలో `గిట్ రీప్యాక్ -ఎ -డి` కొట్టి, తర్వాత ఆల్టర్నేట్స్ ఫైల్ తీసేస్తే విడిపోయి సొంత కాళ్ల మీద నిలబడుతుంది. క్లోన్ చేసేటప్పుడే `--డిసోసియేట్` ఇస్తే ఈ బెడదే లేదు.

## గిట్ కాకుండా వేరేవి వాడేవాళ్లకు

సబ్‌వెర్షన్‌లో ఫోల్డర్ పక్కన "!" వస్తోంది.

సబ్‌వెర్షన్ ఫోల్డర్లను కూడా ట్రాక్ చేస్తుంది, ఖాళీవైనా సరే. "!" అంటే నా లెక్కలో ఉంది, డిస్క్ మీద లేదు అని. కావాలంటే `ఎస్‌విఎన్ రివర్ట్ -ఆర్` (ఆర్ పెద్దక్షరం), అక్కర్లేదంటే `ఎస్‌విఎన్ డిలీట్` కొట్టి కమిట్ చేయండి. 2011లో వచ్చిన 1.7కి ముందు ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక `.ఎస్‌విఎన్` ఉండేది, ఫోల్డర్‌తో పాటు దాని లెక్కా పోయేది. ఇప్పుడు అంతా రూట్‌లో ఒకేచోట ఉంది కాబట్టి రివర్ట్‌కి నెట్‌వర్క్ కూడా అక్కర్లేదు.

సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కి మారాం. ఖాళీ ఫోల్డర్లన్నీ పోయాయి.

`గిట్ ఎస్‌విఎన్`తో మార్చి ఉంటే `గిట్ ఎస్‌విఎన్ ఎంకేడిర్స్` వాటిని మళ్లీ సృష్టిస్తుంది, కాకపోతే మీ డిస్క్ మీదే. అందరికీ అందాలంటే క్లోన్ చేసేటప్పుడే `--ప్రిజర్వ్-ఎంప్టీ-డిర్స్` ఇవ్వాలి, ఖాళీ ఫోల్డర్లలో ఒక ఫైల్ పెట్టి కమిట్లలోకే చేరుస్తుంది.

మెర్క్యురియల్, పెర్ఫోర్స్, ఫాసిల్, సీవీఎస్‌ల సంగతి?

మెర్క్యురియల్ గిట్ లాగే ఫైళ్లనే చూస్తుంది. `హెచ్‌జి పర్జ్` ఖాళీ ఫోల్డర్లనూ ఊడ్చేస్తుంది, జాగ్రత్త. పెర్ఫోర్స్‌లో ఫోల్డర్‌ని చేత్తో తీసేస్తే, ఫైళ్లు మీ దగ్గరే ఉన్నాయని సర్వర్ నమ్ముతుంటుంది, మామూలు సింక్ ఏమీ తేదు. `పీ4 సింక్ -ఎఫ్` లేదా `పీ4 క్లీన్` కొట్టాలి. ఫాసిల్‌లో `ఎంప్టీ-డిర్స్` అనే సెట్టింగ్‌లోనే ఖాళీ ఫోల్డర్ల జాబితా రాసుకోవచ్చు, ఈ సమస్యకు నేను చూసిన వాటిలో చక్కని పరిష్కారం అదే. సీవీఎస్ ఇంకా వాడుతున్నవాళ్లకు: అప్‌డేట్‌లో `-డి` ఇవ్వకపోతే కొత్త ఫోల్డర్లు రావు.

## స్క్రిప్ట్‌లు, టూల్స్ రాసేవాళ్లకు

ఫోల్డర్ ఉందా అని చూసి, లేకపోతే సృష్టిస్తున్నాను. అయినా అప్పుడప్పుడు ఫెయిల్ అవుతోంది.

చూడటానికీ, సృష్టించడానికీ మధ్య ఇంకో ప్రాసెస్ దూరుతోంది. చూడటం మానేసి నేరుగా సృష్టించండి, "ముందే ఉంది" అంటే విజయంగానే లెక్కపెట్టండి. షెల్‌లో `ఎంకేడిర్ -పి`, పైథాన్‌లో `ఓఎస్.మేక్‌డిర్స్`కు `ఎగ్జిస్ట్_ఓకే=ట్రూ`, నోడ్‌లో `రికర్సివ్` ఆప్షన్ చేసేది ఇదే.

తిరగబడ్డ రేస్ (రెండు ప్రాసెస్‌ల మధ్య ఇలాంటి పోటీ) కూడా ఉంటుంది: మీరు ఫోల్డర్ సృష్టించారు, అందులో ఫైల్ రాసేలోపు ఖాళీగా ఉందని ఇంకొకరు తీసేశారు. గిట్ బ్రాంచ్‌ల ఫోల్డర్లలో ఇది సహజం. `ఫీచర్/ఎ` డిలీట్ చేస్తున్న ప్రాసెస్ ఖాళీ అయిన `ఫీచర్`ని తీసేసే క్షణంలోనే, ఇంకో ప్రాసెస్ `ఫీచర్/బి` రాయబోతుంటుంది. అందుకే గిట్ సోర్స్‌లో ఇలాంటి చోట ఫోల్డర్ మళ్లీ సృష్టించి మళ్లీ ప్రయత్నించే లూప్ ఉంటుంది, దానికి ఒక హద్దూ ఉంటుంది. మీ టూల్‌లోనూ అలాగే చేయండి. హద్దు లేని లూప్ మాత్రం పెట్టకండి.

ఫైల్ తెరవడం కుదరకపోతే "లేదు" అనుకోవచ్చా?

అనుకోకూడదు. సిస్టమ్ ఇచ్చే ఎర్రర్ కోడ్‌లలో ఈనోఎంట్ అంటే లేదు. ఈనాట్‌డిర్ అంటే దారిలో ఫోల్డర్ ఉండాల్సిన చోట ఫైల్ ఉంది, కాబట్టి అదీ లేనట్టే. గిట్ ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "లేదు" అంటుంది. ఈయాక్సెస్ అంటే పర్మిషన్ లేదు, అంతే తప్ప ఫోల్డర్ లేదని కాదు. దాన్ని "లేదు"గా లెక్కపెట్టిన టూల్, ఉన్న ఫోల్డర్‌ని డిలీట్ అయినట్టు రికార్డు చేసేస్తుంది.

ఆటోమేటిక్‌గా కమిట్ చేసే స్క్రిప్ట్ ఒక రాత్రి ఫోల్డర్ మొత్తాన్ని డిలీట్ చేస్తూ కమిట్ చేసింది.

ఆ ఫోల్డర్ విడిగా మౌంట్ అయ్యే డిస్క్ అయి ఉంటుంది. మౌంట్ కాని రోజున అక్కడ ఖాళీ ఫోల్డర్ కనిపిస్తుంది, `గిట్ యాడ్ -ఎ` (ఎ పెద్దక్షరం) దాన్ని నిజమని నమ్మి అన్ని ఫైళ్లూ తీసేసినట్టు రాసుకుంటుంది. గిట్‌ది తప్పు కాదు, డిస్క్ ఊడిందో మీరే తీశారో దానికి తెలిసే వీల్లేదు.

రెండు కాపలాలు పెట్టండి. ఆ డిస్క్ మీద ఎప్పుడూ ఉండే ఒక గుర్తు ఫైల్ పెట్టి, అది కనిపించకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోవాలి. యాడ్ అయ్యాక, కమిట్‌కి ముందు `గిట్ డిఫ్ --క్యాష్డ్ --నేమ్-ఓన్లీ --డిఫ్-ఫిల్టర్=డి` (ఇక్కడా డి పెద్దక్షరం) ఎన్ని పేర్లిస్తోందో లెక్కపెట్టి, మామూలుకు మించితే మనిషిని పిలవాలి.

డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని విడి కంటైనర్‌లో నడిపే టూల్) మౌంట్ చేసిన ఫోల్డర్‌లో రాయడానికి పర్మిషన్ లేదంటోంది. లోకల్‌లో ఫోల్డర్ ఉంది కదా?

ఉంది గానీ సృష్టించింది మీరు కాదు. `-వి`తో మౌంట్ చేసినప్పుడు హోస్ట్‌లో ఆ ఫోల్డర్ లేకపోతే డాకరే సృష్టిస్తుంది, లినక్స్‌లో దాని ఓనర్ రూట్ అవుతుంది. క్లోన్‌లో రాని ఖాళీ ఫోల్డర్ల దగ్గరే ఇది ఎక్కువ. `--మౌంట్` వాడితే సృష్టించకుండా ఎర్రర్ ఇస్తుంది, నాకు అదే మేలనిపిస్తుంది. కంటైనర్ లేపేముందు స్క్రిప్ట్‌లో `ఎంకేడిర్ -పి` పెట్టండి.

నా మెషీన్‌లో అన్నీ పాస్ అవుతున్నాయి. ఫోల్డర్ లేని పరిస్థితిని ముందే పట్టుకునేదెలా?

మీ మెషీన్‌లో ఎప్పుడో సృష్టించిన ఫోల్డర్లన్నీ ఇంకా ఉన్నాయి కాబట్టి పాస్ అవుతున్నాయి. `గిట్ క్లోన్`తో మీ రిపోనే ఒక కొత్త టెంప్ ఫోల్డర్‌లోకి తెచ్చి, అక్కడ టెస్టులు నడపండి. కమిట్‌లో లేనిదేదీ అక్కడికి రాదు. సీఐలో (టెస్టులను తనంతట తానే నడిపే ఏర్పాటు) వర్క్‌స్పేస్‌ని ఒక రన్ నుంచి ఇంకో రన్‌కు దాచుకునే సెట్టింగ్ ఉంటే, కనీసం రోజుకో రన్ అయినా అది లేకుండా నడిచేలా పెట్టండి.